శ్రుతి తప్పని పళ్లెం కోసం
(హైదరాబాద్‌లో ఎల్పీ రికార్డులు వినేవారు కొందరు కలుసుకున్న సందర్భంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నన్ను పరిచయం చేసిన మిత్రుడు ‘ఆడియో నిపుణుడు’ అన్నాడు. అది స్నేహం కొద్దీ అన్న మాట. నేను విద్యుత్ శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైన ఇంజనీరును. ఆఫీసులో ఉన్నంతసేపూ ఫ్రీక్వెన్సీ మీటరు చూసేవాణ్ని, ఇంటికొచ్చాక తిరిగే రికార్డు చూసేవాణ్ని. ఆ మీటరు జబ్బు చేస్తే ఈ రికార్డు మూలుగుతుందని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఇవాళ్టి మాటల్లో సగం ఆ సంగతే.

మీలో చాలామందికి ఇప్పటికే ఒక టర్న్‌టేబుల్, అంటే రికార్డును తిప్పే డెక్కు, ఉంది. యాంప్లిఫయరు, స్పీకర్లు కుదురుకున్నాయి. ఇప్పుడు మనసు పెద్ద డెక్కు మీదికి పోతోంది. లిన్ కొనాలా, టెక్నిక్స్ కొనాలా, రేగా కొనాలా అని రాత్రిళ్లు నిద్రపట్టడం లేదు. లక్షలతో పని కాబట్టి షాపుకు వెళ్లి వింటారు. విన్నాక ‘మా ఇంట్లో ఈ రికార్డు ఏనాడూ ఇలా పలకలేదు’ అంటారు. పొరుగింటి పుల్లకూర రుచి! అక్కడ మారింది టర్న్‌టేబుల్ ఒక్కటేనా? గది వేరు, స్పీకర్లు వేరు, రికార్డు గాడిలో నడిచే ముల్లు వేరు, ఆ ముల్లును బిగించిన మనిషి వేరు. వీటిలో దేనికి డబ్బు కడుతున్నామో తెలియకుండానే కట్టేస్తాం.

నేను అలా కట్టబోయి ఆగినవాణ్ని. పన్నెండేళ్ల కిందట ఒక షాపులో ఒక ఖరీదైన డెక్కు విన్నాను. పేరు చెప్పను. యంత్రంలో లోపమేమీ లేదు, బిగించినవాళ్ల అశ్రద్ధ అంతే. ఇంట్లో వందసార్లు విన్న వీణ రికార్డు పట్టుకెళ్లాను. అక్కడ ఆ వీణకు ఎక్కడలేని హుషారు వచ్చింది. మీటు పడ్డప్పుడల్లా తీగ మెరిసినట్టుంది. తానం గుర్రమెక్కి పోతోంది. చెక్కు పుస్తకం కోసం జేబులో చెయ్యి పెట్టాను. అలవాటు చొప్పున సంచిలో ఒక టెస్టు రికార్డు కూడా ఉంది. అందులో 3150 హెర్ట్జ్ స్వరం ఒకటి నిలకడగా మోగుతుంది. దాన్ని పెట్టి ఫోనులో కొలిచాను. 3150 చూపించాల్సింది 3175 చూపించింది. ముల్లు ఎత్తి మళ్లీ పెట్టాను. అదే అంకె. అంటే రికార్డును మోసే పళ్లెం 0.8 శాతం వేగంగా తిరుగుతోంది. అర్ధస్వరంలో సుమారు ఏడో వంతు శ్రుతి పెరిగింది. పక్కన పోల్చడానికి ఏమీ లేకపోతే అంత చిన్న పెరుగుదలను శ్రుతి తేడాగా చెవి పట్టుకోదు. కాలం కొంచెం ముందుకు తోస్తుంది, నాదం కొంచెం మెరుస్తుంది, మనం ‘ప్రాణం లేచొచ్చింది’ అని మురిసిపోతాం. వేగం సరిచేయించి మళ్లీ విన్నాను. మా ఇంటి వీణే! చెక్కు పుస్తకం జేబులోనే ఉండిపోయింది.

అప్పటినుంచి నా నియమం ఒకటే. వేగం కొలవని డెక్కు గురించి అభిప్రాయం చెప్పను.

టర్న్‌టేబుల్ పని మనం అనుకున్నంత గొప్పదేమీ కాదు. రికార్డును సరైన వేగంతో తిప్పాలి, తన చప్పుడు కలపకూడదు, ముల్లును మోసే చేతిని, అంటే టోన్‌ఆర్మ్‌ను, కదలని చోట నిలబెట్టాలి. అయితే ఎంత సూక్ష్మంగా చేయాలన్నదే చిక్కు. ఎల్పీకి నిమిషానికి 33⅓ చుట్లు అని 1948లో కొలంబియా కంపెనీ ఖాయం చేసింది. చుట్టుకు 1.8 సెకన్లు. ఇరవై నిమిషాల ముఖం మీద ముల్లు దాదాపు 400 మీటర్లు నడుస్తుంది. ఆ దారి పొడవునా గాడి గోడల వంపులు మైక్రాన్ల లెక్కలో ఉంటాయి. మోటారు వణికినా, బేరింగు గురగురమన్నా, అదీ గాడిలోని వంపేనని ముల్లు నమ్ముతుంది. దానికి సంగీతమేదో రొదేదో తెలియదు పాపం.

వేగం నిలకడను పాశ్చాత్య శ్రోతలు పియానోతో పరీక్షిస్తారు. మీటాక ఆ స్వరం వంగదు కాబట్టి, వంగినట్టు వినిపిస్తే తప్పు డెక్కుది. మన సంగీతంతో ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. గమకం. స్వరం ఊగడమే అందం అయినచోట యంత్రం ఊగిన ఊపు అందులో కలిసిపోతుంది. భైరవి ఆలాపనతో డెక్కు పరీక్షించి ‘బ్రహ్మాండం’ అనేవారిని చూశాను. భైరవి గమకాల చాటున ఎంత తప్పయినా దాక్కోగలదు. తంబురా వినండి. పాట మొదలయ్యే ముందు నాలుగు సెకన్లు తంబురా ఒంటరిగా ఉన్న రికార్డు ఏదైనా వెతకండి. లేదా నాదస్వరం తారస్థాయి షడ్జం మీద నిలబడ్డ చోటు. అక్కడ శ్రుతి అలలా లేచి పడితే మీకు వినపడి తీరుతుంది.

ఇక నా ఉద్యోగం సంగతికి వస్తాను. పాత బెల్టు డెక్కుల్లో చాలావాటికి సింక్రనస్ మోటారు ఉంటుంది. దాని వేగం వోల్టేజీని బట్టి మారదు, ఫ్రీక్వెన్సీని బట్టి, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందన్నదాన్ని బట్టి, మారుతుంది. గోడలోంచి 50 హెర్ట్జ్ వస్తే సరిగ్గా తిరుగుతుంది, 48 వస్తే 4 శాతం నెమ్మదిస్తుంది. మన దక్షిణాది గ్రిడ్ 1990లలో ఎలా ఉండేదో ఇక్కడున్న పెద్దవాళ్లకు గుర్తుండాలి. లోడు పెరిగి, ఉత్పత్తి చాలక, ఫ్రీక్వెన్సీ 48 దరిదాపుల్లో రోజుల తరబడి వేలాడేది. నాలుగు శాతమంటే అర్ధస్వరంలో ముప్పాతికకు కాస్త తక్కువ. అయిదు శ్రుతిలో పాడిన విదుషీమణి మా ఇంట్లో నాలుగున్నర దగ్గర పాడేవారు. సాయంత్రం పక్కన హార్మోనియం పెట్టుకుని పలికిస్తే కలిసేది కాదు. మా ఆవిడ ‘మీ గ్రిడ్డే కదా, మీరే బాగుచేయండి’ అనేది. ఆవిడ అన్నదీ న్యాయమే. 2003 జనవరి 1 నుంచి ఫ్రీక్వెన్సీతో ముడిపెట్టిన కొత్త టారిఫ్ మన దక్షిణాదిలో అమలుకు వచ్చాక పరిస్థితి మెరుగుపడింది. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ లైను మీదుగా దక్షిణ గ్రిడ్ దేశ గ్రిడ్‌తో కలిసింది. ఇప్పుడు 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలన్నది నియమం. కాబట్టి గోడలోంచి నేరుగా నడిచే డెక్కులకు ఈ కాలం మంచి కాలమే.

ఇంతసేపు ఇది ఎందుకు చెప్పానంటే, మీరు చదివే తులనాత్మక సమీక్షల్లో చాలావరకు బ్రిటన్‌లోనో అమెరికాలోనో జర్మనీలోనో రాసినవి. వాళ్ల కరెంటు వేరు, వాళ్ల ఇళ్లు వేరు. చెక్క దూలాల మీద పలకలు పరిచిన నేల మీద ఎవరైనా నడిస్తే డెక్కు ఊగుతుంది. అందుకే వాళ్లు గోడకు బిగించే అర గురించి పేజీలకు పేజీలు రాస్తారు. మనవి కాంక్రీటు స్లాబు ఇళ్లు. పిల్లలు గెంతినా సామాన్యంగా ముల్లు చెదరదు. మన శత్రువులు వేరే ఉన్నారు: దుమ్ము, ఎండకు సాగిపోయే బెల్టు, సీలింగ్ ఫ్యాను, చవకరకం ఇన్వర్టరు.

ఇన్వర్టరు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. కరెంటు పోతే కొన్ని ఇన్వర్టర్లు చదరపు తరంగం ఇస్తాయి. ఫ్యాను ‘గుయ్’మనడం మీరు వినే ఉంటారు. సింక్రనస్ మోటారు కూడా అలాగే గుయ్‌మంటుంది, ఆ రొద బెల్టు దాటి కొంత పళ్లేనికి చేరుతుంది. గోడ కరెంటులా నున్నటి తరంగం ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టరు పెట్టించుకోండి. లక్షలు పోసి డెక్కు కొనేవాడికి అదొక లెక్కా?

ఇప్పుడు డెక్కుల తయారీలో మూడు సంప్రదాయాలు.

లిన్ సోండెక్ ఎల్పీ12. స్కాట్లండ్‌లోని గ్లాస్గో ప్రాంతంలో 1973 నుంచి తయారవుతోంది. పళ్లెం, చేయి రెండూ కలిసి ఒక ఉపచట్రం మీద ఉంటాయి. ఆ చట్రం మూడు స్ప్రింగుల మీద వేలాడుతుంది. ఈ ఆలోచనకు తాతగారు 1961లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ రూపొందించిన ఏఆర్ డెక్కు. లిన్ స్థాపకుడు ఐవర్ టీఫెన్‌బ్రన్ ప్రచారం చేసిన మాట ఒకటి ఆనాటి ఆడియో లోకాన్ని తలకిందులు చేసింది: మొదట్లో పోయిన సంగీతాన్ని తర్వాత ఏ స్పీకరూ తిరిగి తేలేదు, కాబట్టి ముందు టర్న్‌టేబుల్ మీద ఖర్చుపెట్టండి అని. అప్పటిదాకా జనం స్పీకర్లే ముఖ్యమనుకునేవారు. నా దృష్టిలో అది సగం నిజం. మొదట్లో పోయింది తిరిగి రాదన్నది నిజమే. అయితే ఆ పోవడం ఎక్కువగా జరిగేది ముల్లు దగ్గర, దాన్ని బిగించడం దగ్గర.

మొదట్లో లిన్ గోడ కరెంటు మీదే నడిచేది. 1982లో వాల్హల్లా అనే సర్క్యూటు పలకను లోపల పెట్టారు. క్వార్ట్జ్ స్ఫటికం సాయంతో అది తన 50 హెర్ట్జ్ తానే తయారుచేసుకుంటుంది. అంటే గ్రిడ్ దయ అక్కర్లేదు. ఆ రోజుల్లో నాకు ఆ పలక గురించి తెలిసి ఉంటే మా ఆవిడ దగ్గర పరువు దక్కేది. తర్వాత ఆ పనికే లింగో అనే పవర్ సప్లయి, 2009లో డీసీ మోటారుతో రాడికల్ అనేది వచ్చాయి. ఈ డెక్కులో నాకు నచ్చేదేమిటంటే యాభై ఏళ్ల నాటి యంత్రానికి ఇవాళ్టి భాగాలు బిగించుకోవచ్చు. నచ్చనిది ఆ స్ప్రింగులు. పళ్లేన్ని వేలితో మెల్లగా నొక్కి వదిలితే అది నిటారుగా, బావిలో చేద లేచి దిగినట్టు, పైకీ కిందికీ మాత్రమే ఊగాలి. పక్కకు వణికితే సర్దుబాటు చెడినట్టు. ఆ సర్దుబాటు చేతనైనవాళ్లు మీ ఊళ్లో ఉన్నారా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరక్కుండా లిన్ కొనవద్దు. ఇల్లు మారితే మళ్లీ సర్దించాలి.

టెక్నిక్స్‌ది పూర్తిగా వేరే బుద్ధి. 1970లో ఎస్‌పీ-10 అనే డెక్కుతో బెల్టునే తీసేశారు. మోటారు ఇరుసే పళ్లెం ఇరుసు. 1972లో ఎస్‌ఎల్-1200 వచ్చింది. 1979లో వచ్చిన రెండో రూపానికి క్వార్ట్జ్ తాళం పడింది, అంటే స్ఫటికం వేగాన్ని అటూ ఇటూ పోనివ్వదు. అది డీజేల చేతికి వెళ్లి, వాళ్లు రికార్డును ముందుకీ వెనక్కీ గీకే ఆట మొదలుపెట్టేసరికి, పెద్దమనుషుల ఆడియో గదుల్లో దానికి మర్యాద తగ్గింది. నాట్యశాలలో పనిచేసే యంత్రం కచేరీకి పనికిరాదని వాళ్ల ఉద్దేశం. చాదస్తం! 2010లో తయారీ ఆపేశారు, 2016లో ఎస్‌ఎల్-1200జీ గా మళ్లీ తెచ్చారు. మోటారు ఇనుప గర్భం లేనిది. ఇలా బెల్టు లేకుండా నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవ్ మీద పాత ఫిర్యాదు ఏమిటంటే, మోటారు ధ్రువం నుంచి ధ్రువానికి చిన్న చిన్న కుదుపులతో తిరుగుతుందని. ఇనుము తీసేస్తే అయస్కాంతానికి పట్టి లాగే చోటు ఉండదు. పళ్లెం 3.6 కిలోలు, డెక్కు మొత్తం 18 కిలోలు. వేగంలో హెచ్చుతగ్గులు 0.025 శాతమని కంపెనీ లెక్క. చేతి ఎత్తు మార్చడానికి దాని మొదలు దగ్గరే ఒక చక్రం ఉంటుంది. ముల్లు ఉండే చిన్న డబ్బీని కార్ట్రిడ్జ్ అంటారు; రకరకాల కార్ట్రిడ్జ్‌లు మార్చి చూసే అలవాటున్నవారికి ఆ చక్రం విలువ తెలుస్తుంది.

మూడోది రేగా. 1973లోనే ఇంగ్లండ్‌లో మొదలైంది. దాని స్థాపకుల్లో ఒకరైన రాయ్ గాండీ సిద్ధాంతం ఏమిటంటే బరువు పెంచితే శక్తి అందులో నిలవై ఆలస్యంగా బయటికొస్తుంది, కాబట్టి చట్రం తేలికగా, గట్టిగా ఉండాలి. ప్లానార్ 10 చూస్తే ఎముకల గూడులా ఉంటుంది. మధ్యలో నురుగు పదార్థం, పైన సిరామిక్ పళ్లెం. స్ప్రింగులు లేవు. పెట్టెలోంచి తీసి బల్ల మీద పెడితే పని మొదలు. అయితే చేతి ఎత్తు మార్చే ఏర్పాటు లేదు. వేరే కంపెనీ కార్ట్రిడ్జ్ ఎత్తుగా ఉంటే చేయి కింద బిళ్లలు పెట్టుకోవాలి.

ఇవి కాక బరువును నమ్ముకున్న యంత్రాలున్నాయి. ఎస్‌ఎమ్‌ఈ కంపెనీ వాళ్లవి గడియారపు పనితనం, ఖరీదు కూడా అలాగే. గారార్డ్ 301 అనే 1950ల నాటి రబ్బరు చక్రం డెక్కు మీద ప్రాణం పెట్టేవాళ్లున్నారు. దాని గురుగురును మచ్చిక చేయడం ఒక జీవితకాలపు వ్యాపకం, అందులోకి ఇవాళ వెళ్లను.

మరి పోల్చడం ఎలా? నేనూ మా బావమరిదీ ఒక ఆదివారం చేసింది చెబుతాను. రెండు ఖరీదైన డెక్కులు, వేర్వేరు సంప్రదాయాలవి. ఒకే రకం కార్ట్రిడ్జ్‌లు రెండు. కార్ట్రిడ్జ్ సంకేతాన్ని పెంచే ఫోనో ప్రీయాంప్ ఒకటే. మూవింగ్ కాయిల్ అనే రకం కార్ట్రిడ్జ్ ఇచ్చేది 0.3 మిల్లీవోల్టు. దాన్ని వెయ్యి రెట్లు పెంచాలి. ఆ పెంచే పెట్టె మారితే పోలిక అక్కడితో సరి. ముందు వేగం కొలిచాం. తర్వాత చిన్న తూనికతో ముల్లు రికార్డు మీద మోపే బరువు. ఒకదాని మీద 2.5 గ్రాములు, రెండోదాని మీద 2.2 ఉంది. ఆ 0.3 గ్రాముల తేడాను సరిచేయకపోతే రెండో డెక్కును ‘పలచగా పలుకుతోంది’ అని తిట్టి ఉండేవాళ్లం.

తర్వాత కోణం. ఇది కాస్త ఓపిక పని. చేయి ఒక చోట ఇరుసు మీద తిరుగుతుంది కాబట్టి ముల్లు వంపు దారిలో పోతుంది. రికార్డు కోసిన యంత్రం సూటి దారిలో పోయింది. రెండు దారులూ సరిగ్గా ఏకీభవించేది రెండు చోట్లే. లోఫ్‌గ్రెన్, బేర్వాల్డ్ అనేవాళ్లు కట్టిన లెక్క ప్రకారం కేంద్రం నుంచి సుమారు 66 మిల్లీమీటర్ల దగ్గర ఒకసారి, 121 దగ్గర ఒకసారి. గళ్లు గీసిన అట్ట పళ్లెం మీద పెట్టి, ముల్లును ఆ చుక్క మీద దించి, కార్ట్రిడ్జ్ పక్కలు గీతలకు సమాంతరంగా ఉన్నాయా అని ఒక కన్ను మూసి చూడాలి. స్క్రూ వదులుచేస్తే కార్ట్రిడ్జ్ వెంట్రుకవాసి జరుగుతుంది. మొదటి చుక్క కుదిరితే రెండోది చెడుతుంది, అది సర్దితే ఇది. మాకు ఒక్కో డెక్కుకు గంటన్నర పట్టింది. కొత్త దారం సూదిలోకి ఎక్కించే మా అమ్మ ముఖం గుర్తొచ్చింది నాకు, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని.

చివరగా శబ్దం మోతాదు. ఒక్క డెసిబెల్ ఎక్కువగా మోగినదాన్నే చెవి ‘మంచిది’ అంటుంది. టెస్టు రికార్డు స్వరంతో మీటరు మీద సమానం చేశాం. అప్పుడు బావమరిది తెర వెనక కూర్చుని డెక్కులు మారుస్తుంటే నేను రాసుకున్నాను. సర్దకముందు పొద్దున ఆ రెండింటికీ నేను ఒక పేజీ తేడాలు రాసి ఉన్నాను. సర్దిన తర్వాత మిగిలింది ఒకటే: తంబురా వెనక నిశ్శబ్దం ఒక డెక్కు మీద కొంచెం నల్లగా ఉంది. అది నిజమైన తేడాయే, దానికి డబ్బు పెట్టడం తప్పు కాదు. మిగతా పేజీ అంతా ముల్లు బరువు, కోణం, శబ్దం మోతాదు.

మరొక్క మాట. రికార్డు మధ్య రంధ్రం. అది 0.2 మిల్లీమీటర్లు పక్కకు పడిందనుకోండి. కేంద్రం నుంచి 100 మిల్లీమీటర్ల దగ్గర వేగం ప్రతి చుట్టులో 0.2 శాతం పెరిగి, అంతే తగ్గుతుంది. లోపలి గాడుల్లో ఇంకా ఎక్కువ. ఇందాక టెక్నిక్స్ దగ్గర చెప్పిన 0.025 శాతంతో పోల్చండి. కొలిచే పద్ధతులు వేరు కాబట్టి నేరుగా భాగించకూడదు గానీ, ఏది కొండో ఏది రాయో తెలుస్తూనే ఉంది. 1980ల మొదట్లో నకమిచి కంపెనీ టీఎక్స్-1000 అనే డెక్కు చేసింది. అది రికార్డు నడిమధ్యను తానే వెతికి పళ్లేన్ని జరిపేది. అంత అవసరమా అని నవ్వేవారు. నాకైతే జబ్బు ఎక్కడుందో సరిగ్గా చూసింది వాళ్లొక్కరే అనిపిస్తుంది. కాబట్టి చేయి లయబద్ధంగా ఎడమకీ కుడికీ ఊగుతుంటే డెక్కును తిట్టకండి, రికార్డు మార్చి చూడండి.

ప్రశ్నలున్నాయంటున్నారు, అడగండి.

(‘మా అబ్బాయి అమెరికా నుంచి బెల్టు డెక్కు పంపాడు, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం, అయినా పాట నీరసంగా వస్తోంది’ అని ఒకరు అడిగారు.)

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుందండీ, ఫ్రీక్వెన్సీని ముట్టుకోదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. అందులో సింక్రనస్ మోటారు ఉంటే మీ పళ్లెం నిమిషానికి దాదాపు 28 చుట్లే తిరుగుతోంది. అయిదు శ్రుతి గాయని మూడు శ్రుతికి దిగిపోయి ఉంటారు. 50 హెర్ట్జ్‌కు సరిపడే పెద్ద పుల్లీ ఆ కంపెనీ దగ్గర ఉందేమో అడగండి. బెల్టు వేసే చిన్న కప్పీ అది. లేదంటే 60 హెర్ట్జ్ తయారుచేసి ఇచ్చే పవర్ సప్లయి పెట్టాలి. తెప్పించేముందు వెనక పలక మీద ఏం రాసి ఉందో ఫోటో తీసి పంపమంటే ఈ బాధ ఉండదు.

(‘ఇంతకీ మీరేం కొన్నారు?’)

మొదట మూడేళ్లు ఏమీ కొనలేదు. పాత డెక్కుకే మంచి కార్ట్రిడ్జ్, మంచి ఫోనో ప్రీయాంప్ పెట్టి, రికార్డులు కడిగే యంత్రం ఒకటి తీసుకున్నాను. మీకూ అదే వరస చెబుతాను. ఆ తర్వాత టెక్నిక్స్ కొన్నాను. అది చెవి చేసిన నిర్ణయమని బుకాయించను. ముప్పై మూడేళ్లు ఫ్రీక్వెన్సీ ముల్లు పడిపోతుంటే చూసినవాడికి క్వార్ట్జ్ తాళం ఇచ్చే మనశ్శాంతి వేరు. మా బావమరిది ఇంట్లో లిన్ ఉంది. పండక్కి వెళ్తే అది మా ఇంటి దానికన్నా బాగుందని మా ఆవిడ అంటుంది. వాళ్ల గది పెద్దదని నేనంటాను.

సరే, రికార్డు పెడతాను. మూత పూర్తిగా తీసి పక్కన పెట్టాను, గాలికి అది వణుకుతుంది. మొదట తంబురా ఒక్కటే వస్తుంది. బాబూ, ఆ ఫ్యాను కాసేపు ఆపుతావా?